ఉగాది దాకా జీతం

2004 జూన్ 9, బుధవారం. సాయంత్రం ఆరు గంటలు.

మా అబ్బాయి పోయిన రోజు నుంచి డైరీ రాయలేదు. ఆరేళ్ళయింది. ఇవాళ మళ్ళీ మొదలుపెడుతున్నాను. పొద్దున నా కళ్ళతో చూసినదాన్ని మధ్యాహ్నానికల్లా ఇంకొకటిగా చెప్పమన్నారు. నాలుగు రోజులు పోతే ఆ రెండోదాన్నే నేను నమ్ముతానేమో. డెబ్భై రెండేళ్ళ జ్ఞాపకాన్ని నేను నమ్మను. కాగితం మీద పెడుతున్నాను.

పదకొండింటికి ప్రెస్సు ఆగింది. షెడ్డు మా ఇంటి వెనక మామిడి తోటలోనే. ఫ్యాన్లకు రేకు మూతలు కొట్టే పవర్ ప్రెస్సులు మూడున్నాయి. పన్నెండేళ్ళుగా ఆ చప్పుడుకు అలవాటు పడ్డాను. వినబడదు. ఆగితేనే తెలుస్తుంది. ఆగిన తర్వాత ఒకడి అరుపు. ఆ తర్వాత అందరి అరుపులు.

నేను వెళ్ళేసరికి మునావర్ నిలబడే ఉన్నాడు. పంతొమ్మిదేళ్ళవాడు. ఉగాదికి పనిలో చేరాడు. కుడి చెయ్యి మణికట్టు దాకా డై కింద, రేకును ఒత్తే ఇనుప అచ్చు కింద ఉంది. ఏడవటం లేదు. తియ్యుండ్రి అన్నా, జల్దీ తియ్యుండ్రి అని మామూలు గొంతుతో అంటున్నాడు, ఎవరో కాలు తొక్కి నిలబడితే జరగమన్నట్టు. పెద్ద చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పి డై లేపారు. కింద ఉన్నదాన్ని చెయ్యి అనలేను. రేకు మూత మాత్రం గుండ్రంగా, అంచు వంపుతో సహా సరిగ్గా వచ్చింది. దాని మీద వేళ్ళు ఉన్నాయి.

వాడి స్టూలు మీద మడతపెట్టి ఉన్న గొంగడి తీసి నేనే చుట్టాను. నల్ల గొంగడిలో రక్తం కనబడదు. బరువు తెలుస్తుంది. నా చేతుల్లోనే బరువెక్కింది.

ఆ ప్రెస్సుకు రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ నొక్కితేనే డై దిగుతుంది. అప్పుడు చెయ్యి లోపల ఉండే అవకాశం లేదు. కొన్న రోజున మా అబ్బాయి నన్ను పిలిచి మరీ చూపించాడు. ఇవాళ రెండో బటన్ ఎప్పుడూ నొక్కుకుని ఉండేటట్టు సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టి ఉంది. ఒక చేత్తో నొక్కుతూ ఇంకో చేత్తో రేకు పెడుతూ ఉంటే పని రెట్టింపు అవుతుంది. ట్యూబును వేలితో తడిమి చూశాను. కొత్తగా కట్టింది కాదు. దుమ్ము, గ్రీజు పట్టి ఉంది.

అన్వేష్ వచ్చాడు. నా మనవడు. ఇరవై ఆరేళ్ళు. తండ్రి పోయాక షెడ్డు వాడే చూస్తున్నాడు. ముందు ట్యూబు కోసి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత మునావర్ వైపు చూశాడు. ఈ వరస నేను మరచిపోకూడదు.

అంబులెన్సుకు ఫోన్ చెయ్యమన్నాను. వద్దన్నాడు. ఆటోలో నర్సింగ్ హోముకు పంపాడు. ఇంట్లో గడ్డి కోసే మిషన్‌లో చెయ్యి పడ్డదని చెప్పాలట. ఆటోవాడికి చెప్పాడు, మునావర్‌కు చెప్పాడు, నాకూ చెప్పాడు. అవ్వా, నువ్వు షెడ్డుకు రానే రాలె, ఇంట్ల పండుకున్నవ్, సమజైందా అన్నాడు. నేను పగలు పడుకోను. అది వాడికి తెలుసు.

జూన్ 10, గురువారం.

చెయ్యి తీసేశారు. మోచేతి కింద జానెడు మిగిలింది.

జూన్ 11, శుక్రవారం.

షహర్ బాను వచ్చింది. మునావర్ తల్లి. మొగుడు లేడు. శామీర్‌పేటలో కూరగాయలు అమ్ముతుంది. గేటు దగ్గరే అన్వేష్ ఆపాడు. గడ్డి మిషన్ కథ మొదటి నుంచి చివరి దాకా ఆమెకే చెప్పాడు. ఆమె పూర్తిగా విన్నది. మా ఇంట్ల బర్రె లేదు, మేక లేదు, గడ్డి మిషన్ ఏడికెల్లి వచ్చింది సారు, మా నిఖాకు మీ తాత పెట్టిండా అని అడిగింది.

అన్వేష్ వెనకున్నవాడు ఆమెను జుట్టు పట్టుకుని గేటుకేసి కొట్టాడు. మొన్నటి ఎన్నికల్లో జీపు వెంట తిప్పుకున్న నలుగురిలో ఒకడు. పెదవి చీలింది. నేను వసారా మెట్లు దిగేలోపు ఆమె లేచి నిలబడింది. నోట్లో రక్తం గేటు మీద ఉమ్మి, గిది గూడ గడ్డి మిషనేనా, మంచిగ సూస్కొని చెప్పు సారు అన్నది.

ఆమెను లోపలికి రమ్మన్నాను. రాలేదు. నీళ్ళు ఇచ్చాను. నోరు కడుక్కుని గ్లాసు తిరిగి ఇచ్చింది. అమ్మా, నా కొడుకు నీ దగ్గర జీతం ఉన్నడా లేడా, గది చెప్పు చాలు అన్నది. ఉన్నాడు అన్నాను. అన్వేష్ నా వైపు చూశాడు.

నేను అబద్ధం చెప్పలేదు. ఆ మాట ఎంత దూరం పోతుందో మాత్రం అప్పటికి తెలియదు.

జూన్ 12, శనివారం. మధ్యాహ్నం.

రాజారావు వచ్చాడు. నా తమ్ముడి కొడుకు. లాయరు. కాఫీ తాగుతూ, అత్తమ్మా, నువ్వేం పరేషాన్ గాకు, ఇది కేసే కాదు అన్నాడు.

అతని వాదన ఇది. ఉద్యోగం అంటే ఒప్పందం. ఒప్పందం నిలవాలంటే ఇటు నుంచి ఒకటి పోవాలి, అటు నుంచి ఒకటి రావాలి. వచ్చేదాన్ని ప్రతిఫలం అంటారు. మునావర్ నేర్చుకునేవాడు. నేర్చుకునేవాళ్ళకు మొదటి ఏడాది జీతం లేదు, అన్వేష్ పెట్టిన పద్ధతి. జీతం లేదు కాబట్టి ప్రతిఫలం లేదు. ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదు. ఒప్పందమే లేనప్పుడు వాడు పనివాడు కాడు, మనం యజమానులం కాము, పరిహారం మాటే రాదు. మిషన్ సూసేటందుకు వచ్చిన పోరగాడు, చెయ్యి పెట్టిండు, గంతే అన్నాడు.

గడ్డి మిషన్ ఏమైందని అడిగాను. అది దవాఖాన కోసం, ఇది కోర్టు కోసం అన్నాడు.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో సివిక్స్ చెప్పాను, చివరి తొమ్మిదేళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా చేశాను. ఎదుటివాడు తొందరగా చెప్పి ముగిస్తే నాకు అనుమానం వస్తుంది. ప్రతిఫలం అంటే డబ్బే కావాలని చట్టంలో ఉందా అని అడిగాను. లేదు అన్నాడు. తక్కువదైతే చెల్లదని ఉందా? అదీ లేదు, ఒప్పుకున్నవాడు ఇష్టపడి ఒప్పుకుంటే చాలు, ఎంతన్నది కోర్టు చూడదు అన్నాడు. అయితే గొంగడి ఇచ్చాను కదా అన్నాను.

మా ఇంట్లో జీతం ఉన్నవాళ్ళకు, అంటే పనికి కుదిరినవాళ్ళకు, ఏడాది ఉగాదితో మొదలై ఉగాదితో తీరుతుంది. ఆ రోజు ఇంటి యజమానురాలు తన చేత్తో ఒక గొంగడి, ఒక చెప్పుల జత ఇస్తుంది. అవి తీసుకున్నవాడు ఏడాదికి కుదిరినట్టు. నడుమ మానెయ్యాలంటే గొంగడి తెచ్చి అరుగు మీద పెట్టి పోవాలి, మిగతా జీతం అడగకూడదు. నడుమ యజమానే గొంగడి గుంజుకుంటే ఏడాది జీతం మొత్తం చేతిలో పెట్టి పంపాలి. కాగితం ఎన్నడూ లేదు. ఎడ్ల కాలంలో అత్తగారి చేతిలో చూశాను. తర్వాత నేను చేశాను. షెడ్డు పెట్టినప్పుడు మా అబ్బాయి దీన్ని మార్చలేదు. అన్వేష్‌కు సిగ్గు. అయినా ఆపలేదు. గొంగడి తీసుకున్నవాడు దూలపల్లి ఫ్యాక్టరీలవాళ్ళు ఎక్కువ ఇస్తామన్నా నడుమ పోడు. ఆ లాభం వాడికి బాగా తెలుసు.

మొన్న మార్చి 21న ఉగాది. ఇరవై ఒక్క మంది వరసలో నిలబడ్డారు. మునావర్ అందరికంటే చివర. చెయ్యి ఒక్కటే చాపాడు. రెండు చేతులూ అన్నాను. రెండూ చాపాడు. మళ్ళీ ఉగాది దాకా ఉంటావా అని, అందరినీ అడిగినట్టే అడిగాను. ఉంట అమ్మ అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు, వాడి చేతుల్లో గొంగడి గడ్డం దాకా వచ్చిందని.

రాజారావు కప్పు కింద పెట్టాడు. ఈ మాట ఇంకెవ్వరి ముందట అనలేదు గద అత్తమ్మా అని అడిగాడు. పోయేముందు ఇంకొకటి గుర్తు చేశాడు. ఫ్యాక్టరీ లైసెన్సు నా పేరు మీద ఉంది. మునావర్ పనివాడే అని తేలితే యజమాని అన్వేష్ కాదట, నేనట. భయపెట్టడానికి అన్నాడు. నాకు దారి చూపించినట్టయింది.

తలుపు పక్కన అన్వేష్ నిలబడి ఉన్నాడు. మొత్తం విన్నాడు.

జూన్ 14, సోమవారం. మధ్యాహ్నం రెండు గంటలు.

ఇల్లంతా ఉన్ని కాలిన కంపు. రాయకపోతే ఊపిరాడదు.

తెల్లారగానే అన్వేష్ ఆ నలుగురిని వేసుకుని జీపులో బయలుదేరాడు. మేడ్చల్, బౌరంపేట్, శామీర్‌పేట. ఇల్లిల్లూ తిరిగి గొంగళ్ళు గుంజుకున్నారు. ఇచ్చినవాళ్ళను వదిలేశారు. ఎందుకు అని అడిగినవాళ్ళను కొట్టారు. పెద్ద ప్రెస్సు మీద పనిచేసే సోమయ్యను వాడి గడప మీదే పడేసి తొక్కారు. ఒక ఇంట్లో బాలింత కప్పుకున్నదాన్ని లాగేశారు, పక్కలో బిడ్డ దొర్లి కింద పడింది. షహర్ బాను ఇంట్లో మునావర్ గొంగడి దండెం మీద ఉందట, రక్తం ఎండి అట్టలాగా. అదీ తెచ్చారు.

షెడ్డు ముందు కుప్ప పోసి కిరసనాయిలు కుమ్మరించారు. ఉన్ని తొందరగా అంటుకోదు. మాటిమాటికీ పోశారు. మంట తక్కువ, పొగ ఎక్కువ.

గౌరయ్యది ఒక్కటే మిగిలింది. గౌరయ్య మా వాచ్‌మన్. మా ఆయన కాలంలో ఎడ్లు కాయడానికి వచ్చాడు, పోలేదు. గొంగడి భుజం మీద వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఇటియ్యరా అన్నాడు అన్వేష్. చిన్నదొరా, గిది అమ్మ చేతుల నుంచి తీస్కున్న, అమ్మ అడిగితె అమ్మకిస్త అన్నాడు గౌరయ్య. ముసలోనికి ఎండల గూడ సలి పెడుతాందిరా అని అన్వేష్ నవ్వాడు. ఆ నలుగురూ నవ్వారు. ఒకడు గొంగడి కొంగు పట్టి లాగాడు. గౌరయ్య వదల్లేదు. గొంగడితో పాటే మంట దాకా ఈడ్చుకుపోయారు.

డై బిగించే ఇనుప రాడ్డు అన్వేష్ చేతిలో ఉంది. మొదటి దెబ్బ వేళ్ళ మీద వేశాడు, వదలడానికి. వదల్లేదు. రెండోది భుజం మీద. మూడోది చెవి వెనక. మూడో దెబ్బకు చప్పుడు వేరుగా వచ్చింది. పచ్చి కొబ్బరికాయ కొట్టినట్టు. అప్పుడు వేళ్ళు విడిపోయాయి.

ఇదంతా చూస్తూనే, కర్ర పొడుచుకుంటూ నేను చేరేసరికి అన్నీ అయిపోయాయి. నా చేతికర్రతో అన్వేష్ మొహం మీద కొట్టాను. కనుబొమ చిట్లి రక్తం కంట్లోకి దిగింది. వాడు ఆ కర్ర గుంజుకుని మోకాలి మీద విరిచి మంటలో వేశాడు. నన్ను రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చి నా గదిలో తోసి బయట గొళ్ళెం వేశాడు. ఫోన్ తీగ తెంపాడు. నీ కోసమే చేస్తున్న అవ్వా, జైలుకు పోయేది నువ్వు అన్నాడు తలుపు అవతలి నుంచి.

కిటికీలోంచి గేటు కనబడుతుంది. గౌరయ్యను ఎవరో ఎత్తుకుపోయారు. అతని చెప్పు ఒకటి అక్కడే ఉంది, బోర్లా పడి.

జూన్ 15, మంగళవారం.

వంట చేసే ఈదమ్మ కిటికీ ఊచల్లోంచి అన్నం అందించింది. గౌరయ్యకు తెలివి రాలేదట. అమ్మా, తాళం నా దగ్గర లేదు, ఉంటె తీద్దును అని ఏడ్చింది. ఏడవకుండా చెప్పమన్నాను. రేపు అందరూ వస్తున్నారట.

జూన్ 16, బుధవారం. సాయంత్రం.

వచ్చారు. పంతొమ్మిది మంది, వాళ్ళ ఇళ్ళవాళ్ళు. నేను కిటికీ దగ్గరే నిలబడి మొత్తం చూశాను. విన్నాను.

అన్వేష్‌కు ముందు అర్థం కాలేదు. మునావర్ కోసం వచ్చారనుకున్నాడు. సోమయ్య, నడుముకు గుడ్డ బిగించుకుని ముందు నిలబడ్డాడు. గొంగడి గుంజుకున్నవ్, మంచిది. ఇగ ఏడాది జీతం పారెయ్, పోతం అన్నాడు. అందరూ అదే మాట. అన్వేష్ ఒక్క మునావర్ సాక్ష్యం కాల్చాననుకున్నాడు. వీళ్ళ లెక్కలో ఇరవై ఒక్క మందిని నడుమ ఏడాదిలో పనిలోంచి తీసేశాడు. పనిలో లేనివాణ్ణి ఎవరైనా తీసేస్తారా?

రాజారావు కారు దిగి పరుగెత్తుకొచ్చాడు. ఎవడు చెప్పిండురా నీకు కాలవెట్టమని, జీతం ఉన్నరని ఊరంత చాటింపు వేసినవ్ గద అని అన్వేష్ మీద పడ్డాడు. గొంగళ్ళుంటె సూపియ్యమను మామా, ఒక్క పోగు మిగలలేదు అన్నాడు అన్వేష్.

రాజారావు వేలు కిందికి చూపించాడు.

అందరి కాళ్ళకూ ఒకే చెప్పులు. టైరు అడుగు, మొద్దు తోలు, పక్కన ఎర్ర దారం కుట్టు. శామీర్‌పేటలో చెప్పులు కుట్టే పర్వతాలు తప్ప ఆ కుట్టు ఇంకెవరూ వెయ్యరు, ఏటా ఉగాదికి నా కోసం వేస్తాడు. గొంగళ్ళన్నీ కాల్చినవాడు చెప్పులు మరిచిపోయాడు. వాడు ఎన్నడూ వాళ్ళ కాళ్ళ వైపు చూసినవాడు కాదు. నాకు నవ్వొచ్చింది. ఒంటరిగా, గొళ్ళెం వేసిన గదిలో, గట్టిగానే నవ్వాను. అన్వేష్ తలెత్తి కిటికీ వైపు చూశాడు.

విప్పుండ్రి అన్నాడు. ఎవరూ కదల్లేదు. సోమయ్య అన్నాడు, విప్పితె చేతులకొస్తయి సారు, సూస్కో.

ముందు చెప్పు ఎత్తింది వాళ్ళు కాదు. షహర్ బాను సంచిలోంచి మునావర్ చెప్పుల జత తీసింది. వాడు వేసుకుని తిరిగింది మూడు నెలలు కూడా లేదు, ఇంకా తోలు కంపు పోలేదు. మెల్లగా నడిచి వచ్చి అన్వేష్ చెంప మీద కొట్టింది. ఇది కుడి చేతిది అన్నది. రెండోది ఎత్తింది. అప్పుడు ఆ నలుగురిలో ఒకడు హాకీ కర్రతో ఆమె మోచేయి మీద కొట్టాడు.

తర్వాత రాళ్ళు. కర్రలు. జీపులోంచి తల్వార్ ఒకటి వచ్చింది. సోమయ్య తమ్ముడి చెవి తెగి మెడ మీద వేలాడింది. వాడు దాన్ని చేత్తో నొక్కిపట్టుకునే తన్నుతూ ఉన్నాడు. షహర్ బానును కొట్టినవాడు కింద పడ్డాడు. వాడి మీద పది జతల టైరు చెప్పులు లేచాయి, దిగాయి. ఆ చప్పుడు ప్రెస్సు చప్పుడు లాగే ఉంది. రోజూ ఆ వేళకు వినబడేదే. జీపు తగలబడింది. షెడ్డు రేకులు రాళ్ళకు మోగాయి. రాజారావు కారులో కూర్చుని అద్దాలు ఎక్కించుకున్నాడు, అద్దాలు నిలవలేదు.

పోలీసులు వచ్చేసరికి గేటు ముందు చెప్పులు చాలా మిగిలాయి. నేను కిటికీలోంచి కేకేశాను, ముసలిదానికి మతి చలించింది అని అన్వేష్ చెబితే వాళ్ళు నమ్మి పోయారు. ఈదమ్మకు చెప్పాను. ఒక్కటి కూడా పోనివ్వకుండా ఏరి గోనె సంచిలో కట్టి, వడ్ల గదిలో పెట్టమన్నాను.

జూన్ 18, శుక్రవారం.

గౌరయ్య పోయాడు. నలభై రెండు ఉగాదులు.

జూన్ 21, సోమవారం.

ఎడమ చేత్తో రాస్తున్నాను. ఈ ఒక్క పేజీకి రెండు రోజులు పట్టింది. అక్షరాలు ఒకటో తరగతి పిల్లవి. ఫర్వాలేదు, చదవగలను.

శనివారం పొద్దున అన్వేష్ తలుపు తీశాడు. టైపు చేసిన కాగితం తెచ్చాడు. నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు. నేను లోపలికి పోతె నీకెవరున్నరు అవ్వా అన్నాడు. ఏడ్చాడు. అది నటన కాదు. వాణ్ణి ఎత్తుకు పెంచినదాన్ని, నాకు తేడా తెలుసు.

కాగితం చదివాను. ఉగాది రోజున నేను బీదలకు గొంగళ్ళు, చెప్పులు దానం చేస్తాననీ, బదులుగా ఎవరినీ ఏ పనీ అడగలేదనీ ఉంది. దానం అని తేలితే ప్రతిఫలం పోతుంది. మునావర్ పనివాడు కాకుండా పోతాడు. గౌరయ్య కూడా. వాచ్‌మన్ కాడు, గొంగడి కోసం గేటు దగ్గరికొచ్చిన ముసలివాడు అవుతాడు. దెబ్బలాటలో పోయినవాడు అవుతాడు.

కాగితంలో తప్పులు దిద్దాను. అలవాటు. సంతకం పెట్టలేదు. దానం ఇచ్చేటప్పుడు ఎవరూ ఉంటావా అని అడగరు, నేను ఇరవై ఒక్క మందినీ అడిగాను, ఇరవై ఒక్క మందీ ఉంటామన్నారు అని చెప్పాను.

వాడు కళ్ళు తుడుచుకున్నాడు. లేచి సిరా డబ్బా తెచ్చాడు. నా కుడి చెయ్యి పట్టుకున్నాడు, వేలిముద్ర కోసం. నేను పిడికిలి బిగించాను. ఇన్నేళ్ళు వేలమంది పిల్లలకు సంతకం నేర్పినదాన్ని, వేలిముద్ర పెట్టను అన్నాను. ఒక్కొక్క వేలే విప్పబోయాడు. నేను వదల్లేదు. గౌరయ్య గుర్తొచ్చాడు. చూపుడు వేలు విరిగింది. మధ్య వేలు విరిగింది. మూడోసారి చెయ్యి మొత్తం తిప్పాడు, మణికట్టు పోయింది. అప్పుడు నేను అరిచాను. ఈదమ్మ అరిచింది. కాగితం మీద సిరా ఒలికింది, ముద్ర మాత్రం పడలేదు.

వాడే నన్ను మోసుకుని కారులో వేశాడు. అదే నర్సింగ్ హోము. బాత్రూంల జారి పడ్డది అన్నాడు డాక్టరుతో.

జారలేదు అన్నాను. నా మనవడు విరిచాడు. గౌరయ్యను కొట్టి చంపింది కూడా వీడే, రాడ్డు షెడ్డులో ఉంది. రాసుకోండి అన్నాను. డాక్టరు పెన్ను కోసం వెతుక్కున్నాడు. అన్వేష్ పారిపోలేదు. బల్ల మీద కూర్చుని అవ్వా అని ఒక్కసారి అన్నాడు. చిన్నప్పుడు బడిలో దొరికిపోయినప్పుడు అలాగే అనేవాడు. పోలీసులు వచ్చేదాకా నేను వాడి వైపు చూస్తూనే ఉన్నాను. తల తిప్పుకోలేదు. వాడు తిప్పుకున్నాడు.

మునావర్ పక్క వార్డులోనే ఉన్నాడు. సాయంత్రం వచ్చి నా కట్టు చూశాడు. గడ్డి మిషనా అమ్మా అన్నాడు. కాదు, బాత్రూమట అన్నాను. ఇద్దరం నవ్వాం. వాడు నవ్వుతూ నవ్వుతూ, లేని చెయ్యి పైకెత్తి నోరు మూసుకోబోయాడు.

జూన్ 24, గురువారం.

జరగవలసినవి.

1. కార్మిక శాఖ ఆఫీసులో నేనే చెప్పాలి. యజమానిని నేను. మునావర్ నా దగ్గర జీతం ఉన్నాడు. ప్రతిఫలం: గొంగడి, చెప్పుల జత, రెండు పూటల అన్నం. అడిగి ఇచ్చాను. ఒప్పుకుని తీసుకున్నాడు.

2. గౌరయ్య విషయం పోలీసులకు చెప్పినట్టే కోర్టులోనూ చెప్పాలి. ఒక్క మాట తగ్గకూడదు.

3. మామిడి తోట, షెడ్డు అమ్మాలి. ముందు మునావర్‌కు. తర్వాత ఇరవై మందికి ఏడాది జీతం. గౌరయ్యది అతని భార్యకు.

4. వడ్ల గదిలో గోనె సంచి రాజారావుకు దొరకకూడదు.

5. అమ్మేలోపు ప్రెస్సులకు రెండో బటన్ సరిచేయించాలి. కొనేవాడి ముందే నొక్కి చూపించాలి.

6. బెయిలు కాగితాల మీద నా సంతకం అడిగితే, కుడి చెయ్యి విరిగిందని చెప్పాలి.

7. పర్వతాలుకు ఒక్క జత చెప్పులు కుట్టమని చెప్పాలి. తొమ్మిదో నంబరు, అన్వేష్ కాలికి.

8. అన్వేష్ ఎప్పుడు బయటికొస్తే ఆ తర్వాతి ఉగాదికి నా ముందు నిలబడాలి. ఉంటావా అని అడుగుతాను. గొంగడి తీసుకోవాలి. రెండు చేతులతో.